పళ్ళ మీద గీతలు

విశ్వకర్మ పూజ మర్నాడు మధ్యాహ్నం మా మిల్లు పెద్ద గేర్‌బాక్స్ మూత తీసి చూసినప్పుడు నాకు ముందు వచ్చింది కోపం. నెల కిందట నేనే దగ్గరుండి బిగించిన కొత్త గేర్లు అవి. నున్నగా మెరవాల్సిన పళ్ళు మసకబారిపోయి, ప్రతి పంటి మీదా మొదలు నుంచి కొస దాకా ఎవరో పట్టుకుని రక్కినట్టు గీతలు పడి ఉన్నాయి. వేలు పెడితే గరుకుగా తగిలింది. కొన్నిచోట్ల ఇనుము సన్నని పొరలుగా లేచిపోయి ఎదురు పంటికి అతుక్కుని ఉంది. లోపలి వేడికి చెయ్యి చురుక్కుమంటున్నా తీయబుద్ధి కాలేదు.

"అయిపోనాది," అన్నాడు నా వెనకాల నిలబడ్డ సీతారాం మావయ్య. "కొత్త గేర్లు. ఒక్క పూటలో తగలెట్టేసినాడు ఎదవ."

ఎవరు తగలబెట్టారో ఆయన పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. మిల్లు నడిపే ఆపరేటరు భానుప్రకాష్ కందగడ్డలాంటి మొహంతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మిల్లులో సగంమంది అతని చుట్టూ మూగారు.

టాటానగర్ పక్కన గమ్హరియాలో మాది పెద్ద పేరున్న ఫ్యాక్టరీ ఏమీ కాదు. ఎర్రగా కాల్చిన ఇనప దిమ్మల్ని రోలర్ల మధ్య నలిపి సలాకలు లాగుతాం. మోటారు బలాన్ని రోలర్లకు అందించేది ఈ గేర్‌బాక్సే. ఇది కూర్చుంటే మిల్లు మొత్తం కూర్చున్నట్టే. నేను అక్కడ మెయింటెనెన్స్ ఇంజనీర్ని, పేరు రజని. సీతారాం మావయ్య మా అమ్మకు సొంత తమ్ముడు. కాంట్రాక్టు మీద యంత్రాలకు నూనె పోసే పని ఆయనది. నా చిన్నప్పటి నుంచీ ఆయన్ని భుజం మీద నూనెగుడ్డ లేకుండా చూసిన గుర్తు లేదు. డిప్లొమా అయ్యాక నేను ఇంట్లో కూర్చుని అమ్మతో కీచులాడుకుంటుంటే, తీసుకెళ్ళి మేనేజరు ముందు నిలబెట్టి "మేరీ భాంజీ హై సాబ్" అని మేనకోడలిగా పరిచయం చేసింది ఆయనే.

పళ్ళ మీద గీతలంటే పైపైన పడ్డ మచ్చలు అనుకునేరు. రెండు ఇనప పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగేటప్పుడు మధ్యలో నూనె పొర ఒకటి ఉంటుంది. వెంట్రుక దాని ముందు మోకులాంటిది, అంత పల్చన. ఆ పొర ఉన్నంతసేపూ ఇనుము ఇనుమును తాకదు. బరువెక్కువై, వేడెక్కువై ఆ పొర చిరిగిందంటే రెండు పళ్ళూ క్షణంలో అతుక్కుంటాయి, మరుక్షణం తిరుగుడు బలానికి విడిపోతాయి. అతుక్కున్న చోట చర్మం ఊడి వస్తుంది. పెనానికి అంటుకున్న అట్టును అట్లకాడతో లాగితే ఏమవుతుందో ఇక్కడా అదే. అట్టయితే ఇంకోటి పోసుకుంటాం.

భానుప్రకాష్ టాటానగర్ రైల్వే కాలనీ కుర్రాడు. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచే వచ్చారు. అయినా తెలుగులో పలకరిస్తే హిందీలో బదులిస్తాడు. నన్ను మేడమ్ అని పిలిచేటప్పుడు ఆ మాటను కాస్త సాగదీస్తాడు. దిమ్మలు మరీ వేగంగా తోస్తున్నాడని అతని మీద అంతకు ముందే ఫిర్యాదు చేశాను. ఆ సంగతి మిల్లులో అందరికీ తెలుసు. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. భానుప్రకాష్‌కు ఆ పేరు నేనే పెట్టి ఉంచాను.

"మైనే కుఛ్ నహీ కియా," అంటూ, తానేమీ చేయలేదని అరుస్తున్నాడు. "పూజా కే అగలే దిన్ కౌన్ జోర్ సే చలాతా హై?"

పూజ మర్నాడు ఎవడైనా జోరుగా నడుపుతాడా అన్నది అతని వాదన. అందులో న్యాయం లేకపోలేదు. మా మిల్లులో పూజ మర్నాడు మొదటి సలాకను నెమ్మదిగా లాగి, దానికి సింధూరం పూసి, విగ్రహం నిమజ్జనానికి వెళ్ళేదాకా దేవుడి ముందు పెడతారు. ఆ పూటంతా సన్నరకం సలాకలే నడుస్తాయి. కానీ మావయ్య ఆ మాట వినిపించుకోలేదు.

"నీ తొందరే నిన్ను ముంచినాదిరా. కొత్త గేర్లంటే కొత్త కోడలు. మెల్లగా అలవాటు సేసుకోవాల. అప్పుడే మోత మోయిస్తావేటి?"

అందరూ నవ్వారు. మేనేజరు మహతో మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "కల్ గ్యారహ బజే మాలిక్ ఆయేంగే. ఓవర్‌లోడ్ లిఖ్ దో, బాత్ ఖతమ్," అన్నాడు. మర్నాడు పదకొండింటికి యజమాని వస్తున్నాడు. ఎక్కువ బరువు మోపడం వల్లే గేర్లు పోయాయని నేను రాసిస్తే భానుప్రకాష్‌ను గేటు బయటకు పంపేస్తారు. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల కాస్త సంతోషంగానే అనిపించింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రాసేముందు చూసుకుందామని కంట్రోల్ ప్యానెల్ దగ్గరకు వెళితే, ఆ పూట మోటారు మీద పడ్డ బరువు రోజూ పడేదానికంటే తక్కువే. చల్లార్చే నీళ్ళు సరిగానే పారాయి. నూనె మట్టం గీత దగ్గరే ఉంది.

"నూనె ఎలా ఉంది మావయ్యా?" అని అడిగాను.

"నూనెకేటే? పూజకి ముందే కొత్తది నిండా పోసినాను. సూసుకో."

మోచేతి దాకా చెయ్యి ముంచి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూశాను. తేటగా, బంగారు రంగులో, తీగలా సాగింది. జిడ్డు సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉంది. వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా ఏదో ఒకటి తప్పిపోయిందని మనసు పీకుతూనే ఉంది. అది ఏదో మాత్రం అందడం లేదు. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే మళ్ళీ గేర్‌బాక్స్ దగ్గరకు వెళ్ళాలనిపించింది. సాయంత్రం దాకా ఆ నూనెలోనే చేతులు పెట్టి ఒక్కో పన్నూ తడుముతూ, కాలు కాలిన పిల్లిలా దాని చుట్టూ తిరిగాను.

సిద్ధగోరాలో మా వీధి మలుపు తిరిగేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది. రోజూ నేను గేటు తీయకముందే మా అమ్మ సన్యాసమ్మ కొంగుతో ముక్కు మూసుకుంటుంది. గడప తొక్కకు, ఆ బట్టలు పంపు కాడ పడేసి తానం సేసి రా అన్నది మా ఇంట్లో నాకు రోజూ దొరికే స్వాగతం. గేర్ల నూనె కంపు అలాంటిది మరి. అందులో గంధకం సరుకు కలుస్తుంది. మురిగిన కోడిగుడ్డునూ మాడిన ఉల్లిపాయనూ కలిపి నూరినట్టుంటుంది, సబ్బుకు ఒక పట్టాన వదలదు.

ఆ రోజు అమ్మ నాకు ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది.

"ఏటే, ఇయ్యాల మిల్లుకెల్లలేదేటి?"

"అదేటమ్మా? మధ్యాహ్నం నుంచీ గేర్‌బాక్స్‌లోనే ఉన్నాను."

"మరి కంపేదీ?"

నేను గుమ్మంలోనే ఆగిపోయి చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొవ్వొత్తి వాసనలాంటిది ఏదో లీలగా తగిలింది, అంతే. గోళ్ళ సందుల్లో నూనె ఉంది, చున్నీ అంచుకు నూనె ఉంది, కంపు మాత్రం ఎక్కడా లేదు. మధ్యాహ్నం నుంచీ నేను వెతుకుతున్నది కళ్ళకు కనబడేది కాదు.

అమ్మ మొహం వెలిగిపోతోంది. "అయితే తమ్ముడు నా మాట నిలబెట్టినాడు. పోయినేడు పూజకొచ్చినప్పుడు ఆడితో అన్నాను. ఒరే, ఎన్ని అగరత్తులెట్టినా ఆ కుళ్ళు కంపే తగులుతంది, ఇక్కడ దేవుడెలగ కూకుంటాడ్రా అని. ఈయేడు సూసినావా, ఎంత బాగుండినాదో!"

పూజ రోజు మిల్లు ఆపేసి, కడిగి, బంతిపూల దండలు కట్టి, ఇళ్ళవాళ్ళందరినీ లోపలికి రానిస్తారు. విగ్రహం పెట్టడానికి మా షెడ్డులో ఖాళీ జాగా పెద్ద గేర్‌బాక్స్ ముందే ఉంది. ఈసారి అక్కడ నిలబడి కళ్ళు మూసుకున్నప్పుడు కర్పూరం వాసన, పూల వాసన ఎంత హాయిగా వచ్చాయో నాకూ గుర్తే. హాయిగా ఉందని అనుకున్నాను కూడా. ఎందుకు హాయిగా ఉందో ఆలోచించలేదు. మర్నాడు పొద్దున మిల్లు తిప్పవచ్చని సంతకం పెట్టింది నేనే.

"ఏటైందే?" అంటున్న అమ్మను వదిలేసి, కాళ్ళకున్న హవాయి చెప్పులతోనే రెండు వీధుల అవతల మావయ్య ఇంటికి పరిగెత్తాను.

మావయ్య వాకిట్లో పీట వేసుకుని నూనెగుడ్డ ఉతుకుతున్నాడు. నన్ను చూసి, "రా, బూందీ ఉంది, మాలిక్ ఇంటి ప్రసాదం," అన్నాడు.

"మావయ్యా, గేర్‌బాక్స్‌లో ఏ నూనె పోసినావు?"

"మంచిదే పోసినాను." ఆయన కళ్ళు మెరిశాయి. "బేరింగులకి పోత్తాం సూడు, ఆ తేట నూనె. పాతదంతా తీసేసి, లోపలంతా తుడిసి మరీ పోసినాను. జిడ్డు సూసినాను, రెండూ ఒకటే జిడ్డు. ఆదివారం మిల్లు ఆపినప్పుడు మళ్ళీ ఆ కంపుది పోసేద్దునుకున్నాను. నాలుగు రోజులకేటవుద్ది?"

దేవుడికి నగలు పెట్టి అలంకరించిన మనిషి చెప్పుకున్నట్టు చెప్పాడు.

"ఆ కంపే గేర్లని కాసేది, మావయ్యా."

"ఏటీ?"

"వేడెక్కితే ఏ నూనైనా పల్చబడిపోద్ది. ఆ పొర చిరిగినప్పుడు ఆ కంపు కొట్టే సరుకే పళ్ళకి పూతలాగ పట్టుకుంటాది. అరిగితే ఆ పూత అరగాలి గాని పన్ను అరక్కూడదు. తేట నూనెలో అది లేదు. బేరింగుల్లో ఇలాగ పన్నూ పన్నూ ఒరుసుకోవు కాబట్టి అక్కడ దానికి చెల్లిపోద్ది. భాను బరువెయ్యలేదు. ఆ పూట తేలికరకమే నడిపినాడు."

మావయ్య ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. చేతిలో గుడ్డ పిండడం కూడా మర్చిపోయాడు, నీళ్ళు ఆయన లుంగీ మీదకు కారుతున్నాయి.

"దేవుడికి సేసిన పని తప్పెలగవుద్దే?"

నాకు ఒక జబ్బు ఉంది. దుఃఖం వచ్చే చోట కోపం వస్తుంది. "దేవుడికి చేస్తే దేవుడి మీద పోసుకోవాల్సింది! గేర్‌బాక్స్‌లో ఎందుకు పోసినావు?" అని అరిచాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆయన గుడ్డ పిండి, దులిపి, తీగ మీద ఆరేశాడు.

"రేపు రాత్తావేటి?"

నేను నేల చూశాను.

"రాయవులే," అన్నాడు, నా మీద నాకు లేని నమ్మకంతో. "నా మేనకోడలివి నువ్వు."

ఇంటికొచ్చి అమ్మకు మొత్తం చెప్పాను. అమ్మ నెత్తి కొట్టుకుంది, తన నోటినే తిట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది. ఆవిడ అలా కూర్చుందంటే తీర్పు అయిపోయిందని అర్థం.

"ఒగ్గెయ్యే. కడుపు సించుకుంటే మన కాళ్ళ మీదే పడతాది. ఆ రైలు కాలనీ కుర్రోడికి వయసుంది, ఇంకో మిల్లు దొరుకుద్ది. నీ మావయ్యకి ఇప్పుడెవుడిత్తాడు పని?"

"తప్పు చేసింది అతను కాదమ్మా."

"తప్పు సేసింది మీ మావయ్యా కాదు. నేను. నా పేరు రాయి."

అది రాయగలిగేదైతే ఎంత బాగుండేదో. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు, అదే నా బాధ. మావయ్యకు పని పోతే ఇంకో పని దొరకదు. నూనె డబ్బా లేకుండా ఆయన ఎలా ఉంటాడో నాకు ఊహకు కూడా రాలేదు. భానుప్రకాష్‌కు కొన్నాళ్ళకు ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ గేర్లు తగలబెట్టినవాడన్న పేరు ఆదిత్యపూర్ నుంచి గమ్హరియా దాకా ప్రతి గేటుకూ అతని కంటే ముందే చేరుతుంది. ఓవర్‌లోడ్ అని రాస్తే ఇంకొకటి కూడా ఉంది. కొత్త గేర్లు వస్తాయి, వచ్చే ఏడు మళ్ళీ పూజ వస్తుంది, మావయ్య మళ్ళీ దేవుడి కోసం మంచి నూనె పోస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రాత్రి నేను తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

పొద్దున్నే ఆటో ఖర్కాయీ నది వంతెన మీద లారీల మధ్య ఇరుక్కుపోయింది. కాసేపు చూసి, ఓపిక నశించి, దిగి వంతెన అవతల దాకా నడిచి ఇంకో ఆటో పట్టుకున్నాను. గేటు దగ్గర భానుప్రకాష్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికే అతన్ని లోపలికి రానివ్వడం లేదు.

"లిఖ్ దియా?" అన్నాడు. రాసేశారా అని.

"లోపలికి రా, నాతో."

"ఆప్ తో ఖుష్ హోంగీ, మేడమ్," మీకు సంతోషమేగా అని, మేడమ్ అన్న మాటను ఎప్పటిలాగే సాగదీశాడు. ముందు రోజు నాకు కలిగిన సంతోషం అతని కంట ఎలా పడిందో తెలియదు. చెంప మీద కొట్టినట్టయింది. వాచ్‌మన్‌తో గొడవపడి అతన్ని లోపలికి తీసుకెళ్ళాను. షెడ్డులో గేర్‌బాక్స్ నుంచి ఒక సీసాలోకి, స్టోర్‌లో ఉన్న అసలు గేర్ నూనె డ్రమ్ము నుంచి ఇంకో సీసాలోకి కాస్త కాస్త పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను.

యజమాని, మహతో కూర్చుని ఉన్నారు. నూనె పనివాడిగా మావయ్యను కూడా పిలిపించారు. ఆయన ఉతికిన గుడ్డ భుజం మీద వేసుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి కొద్దిగా తల ఊపాడు. నేను చూపు సీసాల మీదకు తిప్పుకున్నాను.

మహతో చెయ్యి చాపాడు. "రిపోర్ట్?"

నేను రెండు సీసాల మూతలూ తీసి యజమాని ముందు పెట్టాను. గేర్‌బాక్స్ సీసాను ఆయన వాసన చూసి ఏమీ అనలేదు. రెండోది దగ్గరకు తీయగానే మొహం పక్కకు తిప్పేసుకుని, "ఛీ, యే క్యా బద్బూ హై!" అన్నాడు.

"యహీ బద్బూ గేర్ కో బచాతీ హై, సర్," అన్నాను. ఈ కంపే గేర్లను కాపాడుతుందని మొదలుపెట్టి, పొర చిరగడం, పళ్ళు అతుక్కోవడం, ఈ సరుకు లేకపోతే వేడికి అడ్డం ఏదీ ఉండదని, అన్నీ చెప్పాను. ప్యానెల్ మీద బరువు తక్కువే ఉందని చెప్పాను. భానుప్రకాష్ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదని చెప్పాను. గదిలో నా గొంతు ఒక్కటే వినబడుతోంది, ఎక్కడా ఆగడం లేదు. ఆగితే తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

ఆఖరికి ఆగాల్సి వచ్చింది.

"తో యే తేల్ కిసనే డాలా?" అన్నాడు మహతో.

ఈ నూనె పోసింది ఎవరు? సీతారాం అని చెప్పవచ్చు. ఆయిల్‌మన్ అని చెప్పవచ్చు. అలా చెబితే నేను ఒక ఉద్యోగిని, ఆయన ఒక ఉద్యోగి. ఈ గదిలోకి నన్ను తీసుకొచ్చిన మనిషి దగ్గర అలా తప్పించుకోవడం నాకు చేతకాలేదు.

"మేరే మామా నే," అన్నాను. మా మావయ్యే పోశాడని చెప్పాను. ఆ వాసన లేకపోవడం కనిపెట్టకుండా మిల్లు తిప్పమని సంతకం పెట్టింది నేనని కూడా చెప్పాను.

మావయ్య నా వైపు చూడలేదు. "హా సాబ్," అన్నాడు మెల్లగా. "మైనే డాలా. భగవాన్ కే లియే డాలా థా." దేవుడి కోసమే పోశానని.

యజమాని పెద్దగా నిట్టూర్చాడు. దేవుడి పేరు వచ్చాక గట్టిగా తిట్టడానికి ఆయనకూ నోరు రాలేదనుకుంటాను. పనిలోంచి తీసేయలేదు గానీ, ఇక సీతారాం నూనె డ్రమ్ముల వైపు వెళ్ళకూడదని, గోదాములో సలాకలు మోపులు కట్టే పని చేసుకోవాలని తేల్చాడు. నాకు కాగితం మీద ఒక హెచ్చరిక దొరికింది. మావయ్య భుజం మీద గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, మేనేజరు బల్ల అంచున పెట్టి వెళ్ళిపోయాడు. పోనీ విసిరికొట్టినా బాగుండేది.

భానుప్రకాష్ బయట నా కోసం ఆగాడు. మొదటిసారి తెలుగులో మాట్లాడాడు.

"నేనైతే చెప్పలేకపోదును, అక్కా. సొంత మావయ్య కదా."

అది మెప్పో, దెప్పో నాకు అర్థం కాలేదు. "నువ్వు పోయి పని చూసుకో," అని విసుక్కున్నాను.

అక్కడి నుంచి అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టడం మానలేదు, పెట్టేటప్పుడు చప్పుడు మాత్రం ఎక్కువైంది. ఇంట్లో నాకు గోడలతోనే సంసారం. మిల్లులో ఏ పనికి వెళ్ళాలన్నా గోదాము మీదుగానే దారి. మావయ్య కింద కూర్చుని సలాకల మోపులకు తీగ మెలిపెడుతూ ఉండేవాడు. ఆ పనికి చేతులు అలవాటు లేక వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. నేను పక్కనుంచి వెళుతుంటే తల ఇంకాస్త వంచుకునేవాడు. ఒకసారి "మావయ్యా" అని పిలిచాను. తీగకు ఇంకో మెలిక వేశాడు. నిజం చెప్పి గెలిచానని ఎవరైనా అంటే వాళ్ళ జుట్టు పట్టుకుని గోదాముకు లాక్కెళ్ళి చూపించాలనిపించేది. చెప్పకుండా ఉండాల్సిందని కూడా అనిపించేది కాదు. అలా అనిపించినా ఒక దారి దొరికేది, కనీసం నిద్ర పట్టేది.

కొత్త గేర్లు దీపావళికి ముందు వచ్చాయి. నూనె పనికి కొత్త మనిషి ఇంకా రాలేదు. నేనే డ్రమ్ము దొర్లించుకుని, పంపు పెట్టి, గేర్‌బాక్స్ నిండా ఆ కంపు నూనె పోశాను. కొంత ఒలికి జుట్టు దాకా పడింది. భానుప్రకాష్ నేను చెప్పకముందే రోలర్ల మధ్య ఏమీ పెట్టకుండా వట్టి తిప్పుడు తిప్పాడు, తర్వాత సన్న సలాక, తర్వాత ఇంకొంచెం. మధ్యలో ఆపి మూత తీసి చూసుకున్నాం. పళ్ళు నున్నగా ఉన్నాయి, చెయ్యి పెడితే జారిపోయింది. షెడ్డు చివర గోదాము తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని నాకు తెలుసు. తల తిప్పి చూస్తే వెళ్ళిపోతాడని తిప్పలేదు.

ఆ సాయంత్రం ఆటోలో నా పక్క కూర్చున్నావిడ ముక్కు మూసుకుని ముందు సీటుకు మారిపోయింది. ఇంటి గేటు తీసేసరికి మావయ్య మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అన్నాళ్ళలో ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరి మొహం చూడాలో తెలియక నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

మావయ్య లేచి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. పీలికలు చుట్టిన బొటనవేలితో నా వేళ్ళ మీద నూనెను రుద్ది, డ్రమ్ము కొత్తగా తెరిచినప్పుడు చూసినట్టు జిడ్డు చూశాడు. తర్వాత నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మొహం చిట్లింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి కంపు వల్ల వచ్చిన నీళ్ళు కావు.

"ఇదే ఉండాల్సింది ఆ దేవుడి ముందర," అన్నాడు. "ఆడికి ముక్కెక్కడిదే? కంపంతా మనకే గాని."

ఆయన నా చెయ్యి వదల్లేదు.

అప్పుడు గుమ్మంలోంచి అమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, ఇన్నాళ్ళకు నోరు విప్పింది.

"ఒలే, గడప తొక్కకు. ఆ బట్టలు పంపు కాడ పడేసి తానం సేసి రా."

పంపు దగ్గరకు వెళ్ళి, కుళాయి పూర్తిగా విప్పి, ఆ చప్పుడులో బిగ్గరగా ఏడ్చాను.